వలస వ్యతిరేక నాయకుడి జీవితంపై వ్యాసం రాయడం ఎలా: నార్వేకు చెందిన ఆర్నె మిర్డాల్ ఉదాహరణగా

గుంటూరు, విజయవాడ కళాశాలల్లో జర్నలిజం, రాజనీతి శాస్త్రం చదివే విద్యార్థులు యూరప్‌లోని వలస వ్యతిరేక ఉద్యమాలపై సెమినార్ వ్యాసం రాయవలసి వచ్చినప్పుడు, సాధారణంగా ఒక నాయకుడిని ఎంచుకుని ఆయన అన్న మాటలన్నిటినీ వరుసగా పేర్చుకొస్తారు. అలా రాస్తే వ్యాసం ఆయన ప్రసంగానికి తెలుగు ప్రతిగా మిగిలిపోతుంది. ఇటువంటి వ్యక్తి ఏమన్నాడన్నది రెండు వాక్యాల్లో చెప్పి, ఆయన ఏం చేశాడు, దానికి న్యాయస్థానం ఏం తేల్చింది, ఆయన వెళ్లిన ఊళ్లలో జనం ఎలా స్పందించారు అన్న వాటికే మిగిలిన చోటు కేటాయించాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆర్నె మిర్డాల్ (1935–2007) జీవితం ఈ పద్ధతికి బాగా సరిపోతుంది. ముందుగా ఒక జాగ్రత్త అవసరం. మన అర్థశాస్త్ర విద్యార్థులకు మిర్డాల్ అనగానే దక్షిణాసియా పేదరికంపై పరిశోధించి 1974లో నోబెల్ బహుమతి అందుకున్న స్వీడన్ ఆర్థికవేత్త గున్నార్ మిర్డాల్ గుర్తుకొస్తారు. ఆయన వేరు, ఈయన వేరు. మొదటి పేరాలోనే ఆ సంగతి స్పష్టం చేయండి.

తర్వాత నేపథ్యం రాయాలి. నార్వేకు 1960ల చివరి నుంచి పాకిస్తాన్ తదితర దేశాల కార్మికులు పనికోసం వచ్చారు. 1975లో అక్కడి ప్రభుత్వం కార్మిక వలసను నిలిపివేసింది. 1980ల మధ్యదాకా ఏడాదికి కొన్ని వందలకే పరిమితమైన ఆశ్రయ దరఖాస్తులు 1987 నాటికి ఎనిమిది వేలు దాటాయి. ఈ అంకెను ఒంటరిగా వదిలేస్తే పాఠకుడికి దాని పరిమాణం అందదు. అప్పటి నార్వే జనాభా మొత్తం సుమారు 42 లక్షలు, అంటే 2011 జనాభా లెక్కల్లో 48 లక్షలు దాటిన ఉమ్మడి గుంటూరు జిల్లా కంటే తక్కువని పక్కనే రాయండి. ఆశ్రయం కోరినవారిని రాజధానిలోనే ఉంచకుండా చిన్న పట్టణాల్లోని వసతి కేంద్రాలకు కూడా పంపడంతో, విదేశీయులను ఎన్నడూ దగ్గరగా చూడని ఊళ్లలో ఈ ప్రశ్న వీధి చర్చగా మారింది.

అదే 1987లో, స్థానిక ఎన్నికల ప్రచారంలో ప్రోగ్రెస్ పార్టీ నాయకుడు కార్ల్ ఐ. హాగెన్, మహమ్మద్ ముస్తఫా అనే వ్యక్తి రాసినట్టుగా ఉన్న ఒక లేఖను సభలో చదివి వినిపించారు. ముస్లింలు నార్వేను ఆక్రమిస్తారన్నది ఆ లేఖ సారాంశం. అది నకిలీదని తేలింది, ఆ పేరుగల అసలు మనిషి కోర్టుకెక్కారు. అయినా ఆ ఎన్నికల్లో పార్టీ ఓట్లు బాగా పెరిగాయి. మిర్డాల్ నాయకత్వం వహించిన ‘వలసకు వ్యతిరేకంగా ప్రజా ఉద్యమం’ పుట్టింది కూడా అదే సంవత్సరం. ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టండి కానీ ఒకటిగా కలపకండి. ఒకటి పార్లమెంటులో ఉన్న పార్టీ, రెండోది వీధిలో నడిచిన సంఘం. తెలుగు పత్రికల్లో ఈ తేడా తరచుగా చెరిగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక అసలు జీవితక్రమం. మిర్డాల్ కార్యక్షేత్రం దక్షిణ తీరంలోని ఆరెన్‌డాల్ ప్రాంతం. శరణార్థుల వసతి కేంద్రాన్ని పేల్చివేయడానికి పథకం వేసిన నేరానికి ఆయనకు జైలు శిక్ష పడింది. ఆ తర్వాత ఫేవిక్ అనే ఊళ్లో తనను వ్యతిరేకించేవారిపై జరిగిన దాడికి మరోసారి శిక్ష పడింది. 1991లో పాత సంఘం నుంచి విడిపోయి ‘వలసకు వ్యతిరేకంగా నార్వే’ అనే మరో సంఘం పెట్టారు. ఈ ఘట్టాలను రాసేటప్పుడు ‘వివాదాస్పద నాయకుడు’ వంటి మెత్తని మాటలతో సరిపెట్టకండి. నేరం రుజువై శిక్ష పడిందంటే అదే మాట రాయాలి. అలాగే శిక్ష పడని ఆరోపణను శిక్ష పడినట్టు రాయకూడదు. ఈ రెండో నియమం మనకు నచ్చని మనిషి విషయంలో మరింత కచ్చితంగా పాటించవలసినది.

వ్యాసంలో అన్నిటికంటే ఎక్కువ చోటు బ్రుమున్‌డాల్‌కు ఇవ్వండి. మియోసా సరస్సు ఒడ్డున, హామార్ నగరానికి ఉత్తరాన ఉన్న ఈ చిన్న పట్టణంలో 1980ల చివరి నుంచి వలసదారుల ఇళ్లపైన, దుకాణాలపైన దాడులు జరుగుతూ వచ్చాయి. 1991లో మిర్డాల్ అక్కడ సభ పెట్టబోతే ఆయన అనుచరులకు, జాత్యహంకార వ్యతిరేకులకు మధ్య ఘర్షణ చెలరేగి దేశమంతా ఆ ఊరి పేరు మోగింది. ఆయన మళ్లీ వచ్చి ప్రసంగం మొదలుపెట్టినప్పుడు మాత్రం వేలాదిమంది ఆయనవైపు వీపు తిప్పి నిశ్శబ్దంగా నిలబడ్డారు. అంతటితో ఆగిపోకండి. ఆ తర్వాత ఏం జరిగిందన్నది మన పాఠకుడికి ఎక్కువ పనికొచ్చే భాగం. ఊరిలో సమస్య ఉందని ఒప్పుకోవడం, దాడుల్లో పాల్గొన్న యువకులు ఎవరో, వాళ్లు ఎందుకు ఆ గుంపుల్లో చేరారో పరిశోధకుల సాయంతో తెలుసుకోవడం, ప్రభుత్వ సహకారంతో కార్యాచరణ ప్రణాళిక నడపడం అన్నవి అక్కడ జరిగాయి. సిద్ధాంతం కంటే స్నేహబృందం కోసమే చేరినవాళ్లు ఆ గుంపుల్లో చాలామంది ఉన్నారని పరిశోధనలో తేలింది.

చట్టం గురించి రాసేటప్పుడు మన చట్టంతో పోల్చవచ్చు. నార్వే శిక్షాస్మృతిలో జాతి, మతం, రంగు ఆధారంగా బహిరంగంగా అవమానించడాన్ని, ద్వేషం రెచ్చగొట్టడాన్ని నేరంగా చేసిన 135ఎ సెక్షన్ ఉండేది, ఇప్పుడది 185వ సెక్షన్. మన దగ్గర పాత భారత శిక్షాస్మృతిలోని 153ఎ, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్ దీనికి దగ్గరగా ఉన్నా పూర్తిగా సమానం కావు. ‘శ్వేతజాతి ఎన్నికల కూటమి’ అనే పార్టీ నాయకుడు యాక్ ఎరిక్ క్యూస్‌కు పార్టీ కార్యక్రమ పత్రంలోని రాతల కారణంగా పడిన శిక్షను 1997లో అక్కడి సుప్రీంకోర్టు ఖరారు చేసింది. 2002లో మరో కేసులో నయా నాజీ ప్రసంగం చేసిన వ్యక్తిని అదే కోర్టు నిర్దోషిగా వదిలిపెట్టింది. 2005లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ ఆ తీర్పును తప్పుపట్టింది. వాక్ స్వాతంత్య్రం ఎక్కడ ఆగాలన్న తర్జనభర్జన మీ వ్యాసంలో కనబడాలంటే ఈ మూడు మెట్లూ ఉండవలసిందే.

మాటల ఎంపికలో వలసదారుడు, శరణార్థి, ఆశ్రయం కోరి నిర్ణయం కోసం ఎదురుచూస్తున్న వ్యక్తి అన్న మూడు హోదాలను కలగలపకండి, ఎందుకంటే మిర్డాల్ వంటివారి ప్రచార బలమంతా ఆ కలగాపులగంలోనే ఉంది. ఆయన ప్రసంగాలను నేరుగా ఉటంకించవలసి వస్తే, తీర్పు పత్రంలోనో నాటి దినపత్రికలోనో అచ్చయిన వాక్యాన్నే తీసుకోండి. నార్వే జాతీయ గ్రంథాలయం పాత పత్రికలను డిజిటల్ రూపంలోకి మార్చింది. అక్కడి జీవిత చరిత్ర నిఘంటువు, విజ్ఞాన సర్వస్వం అంతర్జాలంలో ఉచితంగా చదవవచ్చు. యంత్రానువాదంలో చదివినా తేదీలనూ శిక్షలనూ కనీసం రెండు చోట్ల సరిచూసుకోండి.

మిర్డాల్‌ను మన ఊరి నాయకులతో పోల్చమని మిత్రులు అడగవచ్చు. ఆ పని చేయకపోవడమే మంచిది, పోలిక పెట్టగానే చదివేవారి దృష్టి నార్వేను వదిలి మన పార్టీల మీదికి మళ్లుతుంది. అయితే ఐరోపాలో చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మన పిల్లలు కూడా అక్కడి లెక్కల్లో వలసదారులేనన్న నిజాన్ని ఒక వాక్యంలో తప్పక గుర్తుచేయండి.

చివరి భాగంలో చాలామంది 1991 నుంచి 2011 జులై 22 దాకా ఒకే గీత గీసేస్తారు. ఆ రోజున ఓస్లోలోనూ ఉటోయా దీవిలోనూ 77 మందిని చంపినవాడు మిర్డాల్ సంఘాల నుంచి వచ్చినవాడు కాదు. నడుమ 2001 జనవరిలో ఓస్లో శివారు హోల్మ్‌లియాలో పదిహేనేళ్ల బెంజమిన్ హెర్మాన్‌సెన్‌ను నయా నాజీలు హత్య చేసిన ఘటన వేరే వర్గానికి చెందినది. 2008లో మొదలైన ‘నార్వే ఇస్లామీకరణను ఆపండి’ అన్న సంఘం మరో పాయ నుంచి వచ్చింది. వీటిని వేర్వేరు పేరాల్లో, ఏది ఎవరి పనో స్పష్టంగా చెప్పి, మిర్డాల్ జీవితాన్ని 2007లో ఆయన మరణంతోనే ఆపండి.