ఇంట్లో దొరికిన పాత లోహపు బిళ్ల నాణెమో కాదో ఎలా తెలుసుకోవాలి?

అమ్మమ్మ ట్రంకుపెట్టెలోనో, పాతబస్తీ ఇంటి గోడ గూట్లోనో నల్లబడిన గుండ్రటి బిళ్ల దొరికితే, చాలామంది మొదట చింతపండు పెట్టి తోముతారు. దయచేసి తోమకండి. అక్షరాల అంచులు అరిగిపోతాయి, సేకరించేవాళ్లు ఇచ్చే ధర కూడా పడిపోతుంది. మట్టి ఉంటే మామూలు నీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దండి, చాలు.

ముందు అంచు చూడండి. కొక్కెం అతికించిన మచ్చ ఉంటే కాసుల పేరులోంచి ఊడిన కాసు కావచ్చు. అసలు నాణేలకూ కొక్కేలు పెట్టించుకునేవాళ్లు కాబట్టి అక్కడే తేల్చేయకండి. మధ్యలో పెద్ద రంధ్రంతో వాషర్‌లా ఉన్న కంచు బిళ్లనూ పారేయొద్దు. 1943 నుంచి 1947 వరకు బ్రిటిష్ ఇండియా పైసా అలాగే ఉండేది.

ఇక అయస్కాంతం. గట్టిగా అతుక్కుంటే అది వెండి, రాగి, బంగారం కాదు.

తర్వాత నగల షాపులో తూకం వేయించండి. నిజాం హాలీ సిక్కా (హైదరాబాద్ సంస్థానం సొంత నాణెం) రూపాయి దాదాపు 11.18 గ్రాములు, బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి 11.66 గ్రాములు. చూడటానికి ఇంచుమించు ఒకేలా ఉన్నా తూకంలో తేడా తెలిసిపోతుంది. అరిగిన నాణెం కొంచెం తక్కువ తూగుతుంది.

అసలు సంగతంతా అక్షరాల్లో ఉంది. కిటికీ దగ్గర పక్కవాటు వెలుతురులో ఫోటో తీయండి. చార్మినార్ బొమ్మ కనిపిస్తే దాని ద్వారంలోకి చూడండి: ఉర్దూ మీమ్ (م) అక్షరం ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం, ఐన్ (ع) ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. అంత చిన్న చోట రాజు పేరులోని మొదటి అక్షరం పెట్టిన ఆ పనితనం నాకు ఎంతో ఇష్టం. ఉర్దూ అంకెల్లో ఇంగ్లిష్ వి లాంటిది ఏడు, తలకిందులైన వి ఎనిమిది, చుక్క సున్నా. నాణెం మీద ఉండేది హిజ్రీ (ముస్లిం క్యాలెండర్) సంవత్సరం; అందులో నూటికి మూడు తీసేసి 622 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. 1337 అయితే సుమారు 1918-19. చదవలేకపోతే ఉర్దూ వచ్చిన పెద్దాయన్ని ఎవరినైనా అడగండి, మన ఊళ్లో వాళ్లకు కొదవ లేదు.

ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం, రాముడో హనుమంతుడో ఉన్న అర్ధణా బిళ్లకు లక్షలొస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. కంపెనీ అలాంటి నాణెం ముద్రించనే లేదు.

పోల్చి చూసుకోవడానికి హైదరాబాద్‌లో సైఫాబాద్ టంకశాల మ్యూజియం, పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియం ఉన్నాయి. పునాది తవ్వుతుంటే భూమిలో దొరికినదైతే మాత్రం అమ్మే ఆలోచన పెట్టుకోకుండా కలెక్టర్‌కు తెలియజేయండి. 1878 నిధి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ ఉంటే చెప్పి తీరాలి.