మైసెన్ పింగాణీ బొమ్మ అసలుదో కాదో, ఏ కాలానిదో గుర్తించడం ఎలా?

పాత పింగాణీ బొమ్మ చేతికి రాగానే తిరగేసి, అడుగున నీలిరంగు కత్తులు రెండు కనబడితే మైసెన్‌దేనని తేల్చేసేవారు చాలామంది. జర్మనీలోని మైసెన్ పట్టణంలో 1710లో మొదలైన ఈ కర్మాగారం ఐరోపాలో గట్టి పింగాణీని (చాలా ఎక్కువ వేడిలో కాల్చే రకాన్ని) తయారుచేసిన మొట్టమొదటిది. 1720ల తొలినాళ్ల నుంచి అది వాడుతున్న ఖడ్గాల గుర్తును ఇతరులు విరివిగా అనుకరించారు. కాబట్టి పరీక్షను గుర్తుతో మొదలుపెట్టకుండా, గుర్తును చివరి సాక్ష్యాలలో ఒకటిగా ఉంచుకోవడం మేలు.

ముందుగా పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో, ఎక్కడైనా పెచ్చు ఊడిన చోటును పరిశీలించాలి. గట్టి పింగాణీ అయితే విరిగిన భాగం నున్నగా, గాజులాగా మెరుస్తుంది. పైనున్న గ్లేజు, అంటే గాజులాంటి మెరుపు పూత, లోపలి పదార్థంతో కలిసిపోయి ఉంటుంది. చెల్సీ, బో వంటి 18వ శతాబ్దపు ఇంగ్లీషు కర్మాగారాల మెత్తని పింగాణీ (తక్కువ వేడిలో కాల్చే రకం) విరిగిన చోట పంచదారలా గరుకుగా కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్ మట్టి బొమ్మల్లో గ్లేజు విడి పొరగా తెలుస్తుంది. ఈ రెండింటిలో ఏదైనా కనిపిస్తే, కత్తుల గుర్తు ఎంత అందంగా ఉన్నా అది మైసెన్ కాదు. గట్టి పింగాణీ అయినంత మాత్రాన మైసెన్ అని కూడా కాదు: 19వ శతాబ్దంలో పారిస్‌లోని సామ్సన్ సంస్థ కూడా ఆ పదార్థంతోనే నకళ్లు చేసింది.

తరువాత అడుగుభాగంలో అరుగుదల చూడాలి. ఏళ్ల తరబడి బల్లపై కదిలిన బొమ్మకు, బల్లను తాకే చోట మాత్రమే, అన్ని దిక్కులకూ పోయే సన్నని గీతలు ఉంటాయి. గీతలన్నీ ఒకే దిక్కుకు ఉంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దారని అనుమానించాలి. పీఠం తీరు కూడా కాలాన్ని సూచిస్తుంది. పూలు, ఆకులు అతికించిన సాదా దిమ్మెలాంటి పీఠం తొలి దశది; బంగారు అంచులతో మెలికలు తిరిగిన పీఠం 1750లలో విరివిగా వచ్చింది. అయితే ఇక్కడే పెద్ద చిక్కు ఉంది. 1731లో కర్మాగారంలో చేరిన శిల్పి యోహాన్ యోఆకిమ్ కెండ్లర్ రూపొందించిన నమూనాలను, 1753 ప్రాంతపు కోతుల వాద్యబృందంతో సహా, మైసెన్ ఆ తరువాతి శతాబ్దాలలోనూ తయారుచేస్తూ వచ్చింది. నమూనా పుట్టిన సంవత్సరం వేరు, చేతిలోని బొమ్మ బట్టీలో కాలిన సంవత్సరం వేరు. అమ్మకందారులు మొదటిదాన్నే చెప్పి ఊరుకుంటారు.

బొమ్మ కాలిన సంవత్సరాన్ని పట్టుకోవడానికి ఇప్పుడు గుర్తు అక్కరకు వస్తుంది. అసలు గుర్తును సాధారణంగా గ్లేజు కింద నీలంతో చేత్తో గీస్తారు; గోటితో తడిమితే ఎత్తు తగలకూడదు. పిడుల మధ్య చుక్క ఉంటే 1763–1774, పిడుల దగ్గర నక్షత్రం ఉంటే 1774–1814 కాలాలుగా లెక్కిస్తారు. పిడుల చివర చిన్న బొడిపెలు కనిపిస్తే అది ప్రధానంగా 19వ శతాబ్దపు రెండో సగం నుంచి 1924 వరకు సాగిన పద్ధతి. కత్తి మొనల మధ్య చుక్క 1924–1934 నాటిది. కత్తుల మీదుగా అడ్డంగా కోసిన గీతలు ఉంటే ఆ వస్తువును కర్మాగారం రెండో రకంగానో, రంగులు వేయకుండానో అమ్మిందని అర్థం. అలాంటివాటి రంగులు బయటివారు వేసినవి కావచ్చు. ఇంగ్లీషులో జర్మనీ అన్న పేరు ఉంటే, దిగుమతి సరుకుపై దేశం పేరు ఉండాలన్న అమెరికా చట్టం 1891లో అమలులోకి వచ్చాక తయారైనదిగా భావించవచ్చు. పేరు లేనంత మాత్రాన పాతదనుకోరాదు.

గుర్తుతో పాటు సంఖ్యలను వెతకాలి. 19వ శతాబ్దపు బొమ్మల అడుగున పచ్చిమట్టిపై గీసిన నమూనా సంఖ్య, అచ్చుతో నొక్కిన పనివాడి సంఖ్య, చిత్రకారుడు రంగుతో రాసిన సంఖ్య కనిపించడం మామూలు. 18వ శతాబ్దపు తొలి బొమ్మలపై ఇవి సాధారణంగా ఉండవు గనుక, మూడూ ఉన్న బొమ్మను కెండ్లర్ కాలానిదని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు.

చివరగా బొమ్మ ఎత్తును మిల్లీమీటర్లలో కొలిచి, మ్యూజియంల సేకరణల్లో అదే నమూనాకు ఇచ్చిన కొలతతో పోల్చాలి. ఎండినప్పుడూ కాలినప్పుడూ పింగాణీ సుమారు ఆరో వంతు కుంచించుకుపోతుంది. అందువల్ల అసలు బొమ్మ నుంచే అచ్చు తీసి చేసిన నకలు దానికంటే స్పష్టంగా పొట్టిగా తేలుతుంది. వేళ్లు, ముఖరేఖలు కూడా మొద్దుబారి ఉంటాయి.