కారు నంబర్ ప్లేటు పని – 3వ పాఠం: పాతది విప్పడం, కొత్తది బిగించడం

గత రెండు పాఠాల్లో ప్లేటు రంగులు, కొలతలు, ఆర్‌సీ చూసి ఆర్డరు పెట్టే పద్ధతి నేర్చుకున్నాం. ఈ పాఠంలో చేతిపని మొదలవుతుంది. షోరూముల్లో, ప్లేట్లు బిగించే కేంద్రాల్లో పనిలోకి కొత్తగా చేరినవాళ్ల కోసం రాస్తున్న పాఠం ఇది. హై సెక్యూరిటీ ప్లేటును అధీకృత కేంద్రం వాళ్లే బిగించాలి కాబట్టి కారు యజమానులు దీన్ని ఇంట్లో చేయడానికి కాక, తమ ముందు జరిగే పని సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి వాడుకోవచ్చు.

ముందుగా ఒక విషయం గట్టిగా పట్టుకోండి. స్నాప్ లాక్ అంటే ప్లేటును బిగించే, ఒకసారి నొక్కితే మళ్లీ ఊడిరాని పిన్ను. అది ఒక్కసారే పడుతుంది. టక్కుమని కూర్చున్నాక దాన్ని పగలగొట్టి తీయాల్సిందే. కొలవడం, సరిచూడడం, రంధ్రాలు శుభ్రం చేయడం అన్నీ ఆ టక్కుకు ముందే అయిపోవాలి.

కవరు విప్పగానే

ప్లేటు మీద నంబరును ఆర్‌సీతో ఒక్కో అక్షరం వేలుపెట్టి సరిచూడండి. టీఎస్ నంబరున్న కారుకు ప్లేటు మార్చేటప్పుడు టీజీ అని వేయమని అడిగేవాళ్లు చాలామంది. 2024 మార్చి నుంచి కొత్తగా రిజిస్టరవుతున్న బండ్లకే టీజీ. ఆర్‌సీలో టీఎస్ ఉంటే ప్లేటు మీదా టీఎస్సే ఉండాలి.

తర్వాత ఎడమవైపు చూడండి. పైన 20 మిల్లీమీటర్ల చదరంలో అశోకచక్రం హోలోగ్రాం, దాని కింద నీలిరంగులో ఐఎన్‌డీ అక్షరాలు, కింది మూలన లేజర్‌తో చెక్కిన సంఖ్య ఉండాలి. ఆ లేజర్ సంఖ్య ముందు ప్లేటుకు ఒకటి, వెనక ప్లేటుకు వేరొకటి. రికార్డులోనూ అవి విడివిడిగా ఎక్కుతాయి. రెండు ప్లేట్లూ 500×120 మిల్లీమీటర్ల కొలతవే అయితే ముందుది వెనక, వెనకది ముందు పెట్టేయడం చాలా తేలిక. స్లిప్పు చూసి, ప్లేటు వెనక మార్కరుతో ‘ముందు’, ‘వెనక’ అని రాసుకున్నాకే కారు దగ్గరికి వెళ్లండి. కొన్ని జీపు తరహా బండ్లకు వెనక గుంట పొట్టిగా ఉంటుంది, దానికి 340×200 ప్లేటు కావాలి.

పాతది విప్పడం

తుప్పుపట్టిన స్క్రూను బలంగా తిప్పితే తల అరిగిపోతుంది, లేదా బంపరులో స్క్రూను పట్టుకునే ప్లాస్టిక్ ముక్క దాంతోపాటే తిరుగుతుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి పది, పదిహేను నిమిషాలు ఆగండి. రివిట్లు ఉంటే రివిట్ కాడ ఎంత లావో అంతే బిట్టుతో, తక్కువ వేగంలో తల వరకే కోయండి. 4 మిల్లీమీటర్ల రివిట్‌కు 4 బిట్టు. రివిట్ బిట్టుతోపాటు తిరుగుతుంటే ప్లేటును వెనకనుంచి అదిమిపట్టాలి. పాత స్నాప్ లాక్‌నైతే తల మధ్యలో డ్రిల్ చేయండి, లేదా ప్లేటు వెనక హాక్సా బ్లేడు దూర్చి కోయండి. బ్లేడుకూ బంపరుకూ మధ్య పల్చటి ప్లాస్టిక్ రేకు పెట్టండి. పెట్టకపోతే ప్లేటు పనికి వచ్చిన కారుకు పెయింటు పని తగులుతుంది.

విప్పిన ప్లేటును నంబరు మీదుగా అడ్డంగా కత్తిరించండి. నంబరు చదవగలిగే ప్లేటు చెత్తలోకి పోతే ఎవరి బండికైనా ఎక్కవచ్చు, ఆ చలాన్లు, కేసులు అసలు యజమాని ఇంటికి వస్తాయి. దెబ్బతిన్న హై సెక్యూరిటీ ప్లేటును కేంద్రం వెనక్కి తీసుకోవాలి. ప్లేటు పోయినా, దొంగతనమైనా పోలీసు ఫిర్యాదు కాగితం లేకుండా కొత్తది ఇవ్వకండి.

కూర్చోబెట్టడం

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. ప్లేటు 1 మిల్లీమీటరు మందం అల్యూమినియం. బంపరు వంపుగా ఉంటే ప్లేటు మధ్యలో ఆని, చివర్లు గాల్లో ఉంటాయి. ఆ చివర్లను స్క్రూతో లాగితే రేకు మడతపడి, ఉబ్బెత్తు అక్షరాల అంచుల దగ్గర మెరిసే పొర చిట్లుతుంది. కొన్ని వానలకు నీళ్లు దూరి పొర లేస్తుంది. మోకాలి మీద పెట్టి వంచడమూ అంతే చెరుపు. చివర్ల వెనక రబ్బరు వాషర్లు వేసి ఖాళీ పూడ్చండి. ఖాళీ మరీ ఎక్కువైతే కారు కంపెనీ ఇచ్చే బ్రాకెట్ వాడండి.

ప్లేటును మాస్కింగ్ టేపుతో తాత్కాలికంగా అంటించి, రెండు హెడ్‌లైట్ల అంచుల నుంచి దూరం కొలవండి. రసమట్టం ఒక్కదాన్నే నమ్మకండి. నేల వాలుగా ఉంటే కారూ వాలుగానే ఉంటుంది. బంపరు గీతకు సమాంతరంగా ఉందా అన్నదే చూడాలి. టో హుక్ (బండిని లాగే కొక్కెం) మూత, పార్కింగ్ సెన్సార్లు, వెనక కెమెరా, కొన్ని కొత్త కార్లలో ముందుండే రాడార్, వీటిలో దేనికీ ప్లేటు అడ్డు రాకూడదు. సెన్సార్ పక్కన ప్లేటు అంచు ముందుకు పొడుచుకొస్తే ఎదురుగా ఏమీ లేకున్నా బీప్ కొడుతుంది.

కంపెనీ రంధ్రాలుంటే అవే వాడండి. కొత్తవి తప్పనిసరైతే, రంధ్రం వేసే చోటు వెనక ఏముందో మొదట చూడండి. ముందు బంపరు వెనకే ఏసీ కండెన్సర్ ఉంటుంది, డిక్కీ తలుపులో లైటు వైర్లు పోతుంటాయి. బిట్టు మొన నుంచి 15 మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టి, అంతకంటే లోతుకు పోనివ్వకండి. ప్లేటు మీద రంధ్రం వేసేచోటా టేపు అంటించి, ముందువైపు నుంచి డ్రిల్ చేస్తే పొర లేవదు. హోలోగ్రాం, లేజర్ సంఖ్య, అక్షరాలు, వీటి మీద రంధ్రం పడకూడదు. అంచులను సన్నటి ఆకురాయితో నున్నగా చేసి, పొట్టు తుడిచేయండి. డిక్కీ ఇనుప రేకుకు రంధ్రం పడితే ప్రైమర్ పూసి, ఆరాకే ముందుకెళ్లండి.

ఇప్పుడు మామూలు స్క్రూలతో ప్లేటును వదులుగా బిగించి, పది అడుగులు వెనక్కి వచ్చి చూడండి. యజమాని దగ్గరుంటే ఆయన్నీ చూడమనండి. డిక్కీని రెండుసార్లు మూసి చప్పుడు వినండి. గలగలమంటే మూలల వెనక మాత్రమే చిన్న ఫోమ్ ముక్కలు అంటించండి. ప్లేటంతా అంటిస్తే నీళ్లు నిలుస్తాయి. అంతా బాగుంటే స్క్రూలు ఒక్కొక్కటే తీస్తూ వాటి స్థానంలో స్నాప్ లాక్‌లు నొక్కండి. వెనక ప్లేటుకు కనీసం రెండు తప్పనిసరి. సుత్తితో కొట్టకండి, వంకరగా దిగుతుంది. బొటనవేలితో నిటారుగా నొక్కితే టక్కుమంటుంది, ఆ తర్వాత లాక్ కదలకూడదు.

అలంకారం ఫ్రేము కావాలని అడిగితే ఒప్పుకోకండి. దాని అంచు కింద హోలోగ్రామో లేజర్ సంఖ్యో దాగిపోతుంది.

ఆఖరున హెడ్‌లైట్ స్విచ్ వేసి వెనక నంబరు లైటు చూడండి. చీకట్లో 15 మీటర్ల దూరం నుంచి నంబరు చదవగలగాలి, లైటు తెల్లగానే ఉండాలి. వెలగకపోతే చాలా కార్లలో అది 5 వాట్ల చిన్న బల్బు మాడిపోవడమే. బల్బు బాగుండీ వెలగకపోతే డిక్కీ మడత దగ్గర వైరు తెగి ఉంటుంది, దాన్ని పట్టుకునే పద్ధతి 4వ పాఠంలో, ముందు అద్దానికి అంటించే మూడో నంబరు స్టిక్కరుతో పాటు.