కచేరీలో తన పాట తనకే వినబడకపోతే

వర్ణం సగమైనా కాకుండానే గాయకుడు వేలు పైకి చూపిస్తూ మైక్ ఆపరేటర్‌కు సైగ చేస్తాడు, మానిటర్ (తన పాట తనకు వినిపించేందుకు వేదిక మీద పెట్టే స్పీకర్) పెంచమని. పెంచితే తీరే ఇబ్బందులు తక్కువ. చాలాసార్లు ఏదో ఒకటి జరపాలి, లేదా తగ్గించాలి.

పెంచినా గొంతు వినబడటం లేదు

ఏటవాలు మానిటర్లు ప్రధానంగా నిలబడి పాడేవారి కోసం చేసినవి. కింద కూర్చున్న విద్వాంసుడికి నాలుగైదు అడుగుల దూరంలో పెడితే శబ్దం తల మీదుగా వెళ్లిపోతుంది. మాటకు స్పష్టతనిచ్చే కీచు ధ్వనులే ముందుగా తప్పిపోతాయి. పెట్టెను రెండడుగుల దగ్గరికి తీసుకురండి, లేదా వెనక అంచు కింద చెక్కముక్క పెట్టి ముందుకు వంచండి. గాయకుడు రాకముందే ఆయన కూర్చునే చోట మీరే కూర్చుని చూడండి. హార్న్ (మానిటర్‌లో కీచు ధ్వనులు వచ్చే గరాటు భాగం) మీ ముఖానికి ఎదురుగా కనిపించాలి.

పెంచగానే మైక్ కూత పెడుతోంది

మానిటర్ శబ్దం మైక్‌లోకి వెళ్లి, మళ్లీ మానిటర్‌లోంచే వచ్చి చక్రంలా తిరుగుతోంది. షూర్ ఎస్ఎం58 వంటి కార్డియాయిడ్ (ప్రధానంగా ముందు వైపు శబ్దాన్నే పట్టే) మైక్‌కు సరిగ్గా వెనక వైపు చెవుడు, మానిటర్ అక్కడే ఉండాలి. బీటా 58ఎ వంటి సూపర్ కార్డియాయిడ్ అయితే వెనక కొంత వినిపిస్తుంది, కాబట్టి కాస్త పక్కకు జరపాలి. ఈ తేడా పట్టించుకోకుండా ఈక్వలైజర్‌తో (ధ్వనుల హెచ్చుతగ్గులను విడివిడిగా సరిచేసే సాధనంతో) కుస్తీ పట్టేవారే ఎక్కువ.

గాయకుడు మైక్‌కు అడుగు దూరంలో ఉంటే అర అడుగుకు రమ్మనండి. సుమారు 6 డెసిబెల్స్ ఉచితంగా కలిసివస్తాయి. ఎవరూ వాడని మైకులు ఆపేయండి. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైతే కూత రాకుండా శబ్దం పెంచుకునే అవకాశం 3 డెసిబెల్స్ తగ్గుతుంది. మైక్ తలను గుప్పిట్లో పట్టుకునే అలవాటున్నా ఇదే బాధ, ఎందుకంటే ఆ పట్టుతో వెనక రంధ్రాలు మూసుకుపోతాయి.

మృదంగం ముంచేస్తోంది

పక్కనే మోగుతున్న మృదంగాన్ని గాయకుడి మానిటర్‌లో మళ్లీ వినిపించడం దేనికి? తీసేయండి. ఆయనకు కావలసింది తన గొంతు, శ్రుతి, కొంచెం వయొలిన్. మృదంగ విద్వాంసుడు గాత్రం కావాలంటే ఆయనకు వేరే మానిటర్ ఇవ్వాలి. ఒకే మిశ్రమంతో అందరినీ సరిపెట్టాలనుకుంటే ఎవరికీ సరిపోదు.

తాళం వెనకబడినట్టు అనిపిస్తోంది

వెనక గోడ 17 మీటర్ల దూరంలో ఉంటే హాలు స్పీకర్ల శబ్దం వెళ్లి తిరిగి రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది. ద్రుతకాలంలో అది స్పష్టంగా తెలుస్తుంది. స్పీకర్లను గోడ వైపు కాక శ్రోతల వైపు వంచండి, స్పీకర్లలో మంద్ర ధ్వనులు (బాస్) తగ్గించండి.

హాలులో తగ్గిస్తే మానిటర్ కూడా తగ్గుతోంది

ఆక్స్ (మిక్సర్ నుంచి మానిటర్‌కు శబ్దం పంపే దారి) పోస్ట్-ఫేడర్‌లో, అంటే హాలు శబ్దాన్ని మార్చే ఫేడర్ మీటకు తర్వాత ఉంది. ప్రీ-ఫేడర్‌కు, అంటే ఆ మీటకు ముందుకు మార్చండి.

చెవిలో ఇయర్‌ఫోన్లు, గొంతు బుర్రలో గుమ్మంటోంది

లలిత సంగీత బృందాల్లో ఈ ఫిర్యాదు ఎక్కువ. చెవి మూసుకుపోవడంతో ఎముకల గుండా వచ్చే సొంత గొంతు లోపలే చిక్కుకుంటుంది. ఒక చెవిది తీసేయడం పరిష్కారం కాదు. రెండో చెవిలో శబ్దం పెంచుకోవలసి వస్తుంది, వినికిడికి అది ముప్పు. వేదిక అంచున శ్రోతల వైపు ఒక మైక్ పెట్టి, దాని శబ్దాన్ని కొద్దిగా ఇయర్‌ఫోన్లలో కలపండి. అది హాలు స్పీకర్లలోకి మాత్రం వెళ్లకూడదు.