ట్రినిడాడ్, టొబాగో ప్రయాణం: ఏ నెలలో, ఏ వరుసలో

కరీబియన్ ప్రయాణం అనగానే చాలామంది హోటల్ ఫొటోలు చూడటం మొదలుపెడతారు. నేనైతే ముందు క్యాలెండర్ తీయమంటాను. వెనెజులా తీరానికి దగ్గరలో ఉన్న ట్రినిడాడ్, టొబాగో దీవులు రెండూ కలిపి ఒకే దేశం. జనవరి నుంచి మే దాకా అక్కడ పొడి వాతావరణం, ఆ తర్వాత డిసెంబర్ దాకా వానలు. లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చేది మార్చి నుంచి ఆగస్టు వరకు. అంటే ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే ఎండా దొరుకుతుంది, తాబేళ్లూ కనిపిస్తాయి. మన పిల్లల వేసవి సెలవులూ అప్పుడే కాబట్టి హైదరాబాద్ నుంచి మేమందరం ఆ నెలల్లోనే వెళ్లాం. ఈస్టర్ వారం మాత్రం వదిలేయండి. ట్రినిడాడ్ జనం టొబాగోకి కదిలిపోతారు, ఈస్టర్ తర్వాతి మంగళవారం అక్కడి బుక్కూ ఊళ్లో మేకల పరుగు పందేలు జరుగుతాయి. అవి చూడాలని ఉంటే గదులు చాలా ముందే తీసుకోవాలి.

నెల కుదిరాక ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే జ్వరం) టీకా సంగతి చూడండి. ట్రినిడాడ్ మన ప్రభుత్వం పెట్టిన ఎల్లో ఫీవర్ ముప్పున్న దేశాల జాబితాలో ఉంది. సర్టిఫికెట్ లేకుండా అక్కడి నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి క్వారంటైన్‌లో పెట్టవచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు, 60 దాటినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వేయించుకోకూడదు. మా అత్తయ్యగారి విషయంలో డాక్టర్ సరేనన్నాకే మేం టికెట్లు కొన్నాం.

భారతీయ పాస్‌పోర్టుతో పర్యటనకు 90 రోజుల దాకా వీసా అక్కర్లేదు. చిక్కంతా దారిలోనే. అమెరికా మీదుగా వెళ్తే విమానం మారడానికి కూడా అమెరికా వీసా ఉండాలి. లండన్ మీదుగా అయితే యూకే ట్రాన్సిట్ నిబంధనలు చూశాకే టికెట్ కొనండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు న్యూయార్క్, మయామి నుంచి నేరుగా విమానాలున్నాయి. కానీ హెచ్1బీ మీద ఉండి, పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు తీరిపోయినవాళ్లు ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. కెనడా, మెక్సికోలకు వెళ్లొచ్చేటప్పుడు పాత స్టాంపింగ్‌తోనే తిరిగి రానిచ్చే వెసులుబాటు వాళ్లకు ఇక్కడ వర్తించదు.

ముందు ట్రినిడాడ్‌లో మూడు రాత్రులు ఉండండి. అందులో ఒకటి ఉత్తర తీరంలోని గ్రాండ్ రివియేర్‌లో గడపాలి. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి కారులో మూడు గంటల దాకా పడుతుంది, చివరంతా మలుపులే. చీకట్లో వెనక్కి రాకుండా ఊళ్లోనే బస చేయండి. తాబేళ్ల ఒడ్డుకు పర్మిట్ తీసుకుని, గైడ్‌తోనే వెళ్లాలి. తెల్ల టార్చి, ఫ్లాష్ వేయనివ్వరు. విశాఖ తీరానికొచ్చే ఆలివ్ రిడ్లేలను చూసినవాళ్లు కూడా వీటి పరిమాణం చూసి నివ్వెరపోతారు. వందల కిలోల జీవి ఇసుక తవ్వుతుంటే ఆ బుసలాంటి ఊపిరి మన చెవిన పడుతుంది. పిల్లలకు ముందే నచ్చజెప్పండి: దాని ముందుకు వెళ్లకూడదు, మాట్లాడకూడదు.

ఇంకో సాయంత్రం కరోనీ చిత్తడి నేలల్లో పడవెక్కండి. పొద్దు వాలేవేళ ఎర్రటి ఐబిస్ కొంగలు గుంపులుగా మడచెట్ల మీద వాలతాయి. పగలు వీలుంటే వాటర్లూలో సముద్రంలో కట్టిన గుడికి వెళ్లిరండి. 1845 మే 30న కలకత్తా నుంచి మొదటి ఓడలో భారతీయ కూలీలు ఈ దీవికి వచ్చారు. తర్వాత మద్రాసు రేవు నుంచి వచ్చిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అందుకే ఆ గుడి దగ్గర కాసేపు నిలబడి రావాలంటాను.

శాకాహారులకు ట్రినిడాడ్‌లో ఇబ్బంది లేదు. పొద్దున్నే రోడ్డు పక్కన డబుల్స్ అమ్ముతారు, బారాలు అనే రెండు మెత్తటి వేయించిన రొట్టెల మధ్య శనగల కూర పెట్టి. కారం మన గుంటూరువాళ్లకు కూడా ఎక్కువే అనిపించవచ్చు, 'స్లైట్ పెప్పర్' అని చెప్పండి. మధ్యాహ్నానికి దాల్‌పూరీ రోటీ, అందులోకి గుమ్మడికాయ, బోడి అనే పొడవాటి చిక్కుళ్ల కూర. టొబాగోలో చేపలూ పీతలూ ఎక్కువ. స్టోర్ బే దగ్గర పీతల కూర, డంప్లింగ్స్ తినేవాళ్లు తప్పక తినాలి. అత్తయ్యగారి కోసం మేం వంటగది ఉన్న గది తీసుకున్నాం.

టొబాగోకి విమానంలో అరగంట కూడా పట్టదు. ఓడలో అయితే మూడు గంటలకు పైనే. అక్కడ ఐదు రాత్రులు ఉండాలి, అంతకంటే తగ్గిస్తే మనసొప్పదు. బస కరీబియన్ వైపు చూసుకోండి, కాస్టారా ఊరు అయితే మరీ మంచిది. అట్లాంటిక్ వైపు ప్రవాహాలు బలంగా ఉంటాయి, కొన్ని నెలల్లో సార్గాసం నాచు ఒడ్డంతా పేరుకుపోతుంది. అద్దాల అడుగున్న పడవలో బుక్కూ రీఫ్ (పగడాల దిబ్బ) చూశాక నైలాన్ పూల్ దగ్గర దింపుతారు. సముద్రం మధ్యలో నడుము లోతు నీళ్లు, కింద తెల్లటి ఇసుక. ఈత రాని అత్తయ్యగారు కూడా అక్కడ దిగారు. పగడాల మీద మాత్రం ఎవరూ కాలు పెట్టకండి.

ఒక పొద్దున మెయిన్ రిడ్జ్ అడవికి కేటాయించండి. వానలు తగ్గకూడదని 1776లోనే దాన్ని నరకకుండా కాపాడారు. గిల్పిన్ ట్రేస్ బాటలో గైడ్‌తో వెళ్తే హమ్మింగ్ బర్డ్స్ కనిపిస్తాయి. బురద ఉంటుంది కాబట్టి అక్కడ అద్దెకిచ్చే రబ్బరు బూట్లు వేసుకోండి.

కరెంటు 115 వోల్టులు, అమెరికా తరహా ప్లగ్గులు. బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో రాత్రిపూట కాలినడకన తిరగవద్దు, హోటల్ వాళ్లు పిలిచిన టాక్సీలోనే వెళ్లండి. టొబాగో నుంచి వచ్చిన రోజే అంతర్జాతీయ విమానం పెట్టుకోకుండా, చివరి రాత్రి పియార్కో ఎయిర్‌పోర్టు దగ్గర గది తీసుకోండి.