రోజూ జేబులో ఉంచుకునే మడత చాకును ఎలా ఎంచుకోవాలి?

మడత చాకు కొనేవారు ముందుగా అడిగేది ఉక్కు ఏ రకమని. ఆ తరువాత పిడి రంగు చూస్తారు, అలుగు (బ్లేడు) మీది నల్లపూత చూస్తారు, ఎంత వేగంగా తెరుచుకుంటుందో చూస్తారు. తెరిచిన అలుగును నిలబెట్టే లాక్‌ను, మూసిన అలుగును పట్టి ఉంచే బిగువును పరీక్షించి కొనేవారు బహు తక్కువ. వేలు తెగేది మాత్రం తరచు ఆ రెండింటి లోపం వల్ల. అందుచేత మిగిలిన విషయాలను క్లుప్తంగా ముగించి, ఆ పరీక్షను తీరికగా వివరిస్తాను.

1. పనిని బట్టి కొలత

జామకాయ కోయడం, కొరియర్ పెట్టె టేపు చీల్చడం, పురికొస తెంపడం, ఎరువుల బస్తా కుట్టు విప్పడం వంటి పనులన్నింటికీ 7 నుంచి 8.5 సెంటీమీటర్ల అలుగు సరిపోతుంది. అలుగు వెన్ను, అంటే పదును లేని వైపు, మందం 2.5 మిల్లీమీటర్లు దాటకూడదు. దృఢంగా ఉంటుందని 4 మిల్లీమీటర్ల మందం ఉన్నది కొంటే, అది పండును కోయదు, చీలుస్తుంది. కొబ్బరికాయ కొట్టడం, డబ్బా మూత పెకలించడం మడత చాకు చేయవలసిన పనులు కావు. రంపపు పళ్ళున్న అలుగును ఇంట్లో సానపట్టడం కష్టం కనుక తీసుకోవద్దు. నల్లపూత గీతలు పడి పోయేదే కాబట్టి దానికి అదనంగా డబ్బు పెట్టవద్దు.

2. చట్టం

మన దేశంలో 2016 నాటి ఆయుధాల నియమాల ప్రకారం, 9 అంగుళాలకు మించిన పొడవు గాని 2 అంగుళాలకు మించిన వెడల్పు గాని ఉన్న అలుగులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు తయారైనవాటికి మినహాయింపు ఉంది. అయితే ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ బొత్తంతోనో స్ప్రింగుతోనో తెరుచుకునే చాకులను 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు నుంచే ఆంక్షల కిందికి తెచ్చింది. బొత్తం చాకును ఎక్కడా కొనవద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇదొక కారణం. బ్రిటన్‌లో ఉంటున్న మనవారు మరింత జాగ్రత్త పడాలి: అక్కడ తగిన కారణం చూపకుండా బయట వెంట ఉంచుకోదగినది లాక్ లేనిది, 3 అంగుళాలు మించని అలుగు గల మడత చాకు మాత్రమే. విమాన ప్రయాణంలో ఏ చాకైనా చెక్-ఇన్ సామానులోకే వెళ్ళాలి.

3. ఉక్కు

స్విట్జర్లాండ్ చాకుల సంస్థ విక్టోరినాక్స్ వాడే 1.4110 రకం ఉక్కు కాఠిన్యం రాక్‌వెల్ కొలతలో 55, 56 మాత్రమే. అయినా తుప్పు పట్టదు, మామూలు సానరాయి మీద నిమిషాలలో పదునెక్కుతుంది. 12సి27, 14సి28ఎన్ రకాల స్టెయిన్‌లెస్ ఉక్కులు కూడా నిశ్చింతగా తీసుకోదగినవే. ఎస్30వి, ఎం390 వంటి ఖరీదైన ఉక్కులు పదును ఎక్కువ కాలం నిలుపుతాయి కాని, అది పోయిన రోజున వజ్రపు పొడి పూసిన రాయి లేనిదే సులువుగా దారికి రావు. డి2 రకం ఉక్కు పూర్తి స్టెయిన్‌లెస్ కాదు. కోస్తా ఉక్కపోతలో చెమట జేబులో ఉంచితే మచ్చలు పడుతుంది. కార్బన్ ఉక్కు పదునుకు సాటి లేదు, కాని పచ్చి మామిడికాయ ఒక్కటి కోస్తే అలుగు నల్లబడి ముక్కకు ఇనుప రుచి అంటుతుంది. పండ్లు కోసుకునేవారు స్టెయిన్‌లెస్‌నే ఎంచుకోవాలి.

4. లాక్ పరీక్ష

ఇక్కడ తొందర పనికిరాదు. ముందుగా మీ చేతిలో ఉన్నది ఏ రకమో గుర్తించండి. పిడి వెన్ను వైపు ఉన్న స్ప్రింగు బిగువుతోనే అలుగు నిలిస్తే అది స్లిప్ జాయింట్. దానికి లాక్ లేదు. పిడి వెన్ను మీద నొక్కితే విడివడేది లాక్‌బ్యాక్; 1964 నాటి బక్ 110 అనే అమెరికా చాకుతో బాగా ప్రచారం పొందింది. పిడి లోపలి పలుచని రేకు పక్కకు జరిగి అలుగు మొదలును ఆపితే లైనర్ లాక్, పిడి పక్కభాగమే ఆ పని చేస్తే ఫ్రేమ్ లాక్. ఫ్రెంచి సంస్థ ఓపినెల్ చాకులకు ఉండే, తిప్పితే అలుగును బిగించే ఉంగరాన్ని ఆ సంస్థ 1955లో చేర్చింది.

మూసిన స్థితిని ముందు పరీక్షించాలి, ఎందుకంటే చాకు రోజంతా ఉండేది అలాగే. పిడిని గట్టిగా పట్టుకుని, అలుగు బయటికి వచ్చే గాడిని నేల వైపు తిప్పి, మణికట్టుతో రెండు మూడు సార్లు బలంగా విదిలించండి. రెండవ చేయి, కాళ్ళు దూరంగా ఉండాలి. లైనర్ లాక్ రేకు మీద ఆవగింజంత ఉక్కు గుండు ఒకటి ఉంటుంది. అది అలుగులోని చిన్న గుంటలో కూర్చోవడం వల్లనే చాకు మూసి ఉంటుంది. ఆ గుండు సరిగా కూర్చోకపోతే అలుగు జేబులోనే కొంత తెరుచుకుంటుంది, తాళం చెవుల కోసం పెట్టిన చేయి నేరుగా మొనకు తగులుతుంది. విదిలించినప్పుడు అలుగు బయటికి వచ్చిన చాకును ఎంత తక్కువ ధరకు ఇచ్చినా తీసుకోవద్దు.

తరువాత నెమ్మదిగా పూర్తిగా తెరిచి, వెలుతురుకు ఎదురుగా పెట్టి లోపలికి చూడండి. లైనర్, ఫ్రేమ్ లాక్‌లలో రేకు అంచు అలుగు మొదలు మందంలో పావు వంతు నుంచి సగం వరకు ఆక్రమించి ఉండాలి. అలుగు మొదలు అంచును తాకీ తాకనట్టు నిలిస్తే జారిపోతుంది. కొత్త చాకులోనే అవతలి చివరికి చేరిపోయి ఉంటే, అరుగుదలకు చోటు మిగలలేదని అర్థం.

ఇప్పుడు ఒత్తిడి. పిడిని రెండు పక్కల నుంచి మాత్రమే పట్టుకోండి. అలుగు మడత పడే దారిలో ఒక్క వేలు కూడా ఉండకూడదు. అలుగు వెన్నును చెక్కబల్ల అంచుకు ఆనించి, ఒత్తిడిని కొద్దికొద్దిగా పెంచండి. వీడియోలలో చూపించినట్టు వెన్నును బల్లకేసి బాదడం నేను ఒప్పుకోని పద్ధతి. ఆ దెబ్బలకు మంచి లాక్ కూడా పాడవుతుంది. పైగా నిజమైన పనిలో లాక్ విడిపోయేది చాలాసార్లు మెలితిప్పే ఒత్తిడికే. కాబట్టి నిదానంగా నొక్కిన తరువాత, పనిలో పట్టుకున్నట్టు పిడిని బిగించి, మొనను అట్టముక్కలో గుచ్చి కొద్దిగా మెలితిప్పి చూడండి. మీ వేళ్ళ బిగింపుకే రేకు కదిలితే ఆ చాకు మీ చేతికి తగినది కాదు.

అలుగును మడతపెట్టిన గుడ్డతో పట్టుకుని ఊపండి. పక్కలకు కదిలితే ఇరుసు మర బిగించి సరిచేయవచ్చు. పైకీ కిందికీ కదిలితే లాక్ కలిసే చోటే తేడా ఉన్నట్టు. ఏ మరా దాన్ని సరిచేయదు, వెనక్కి పంపవలసిందే.

మూయడం కూడా పరీక్షే. లైనర్ లాక్‌ను బొటనవేలితో నెట్టినప్పుడు ఆ వేలు అలుగు దారిలోనే ఉంటుంది. అలుగును కొద్దిగా వంచి, వేలు తీసి, ఆ తరువాతే పూర్తిగా మూయాలి. ఇది అలవాటు పడేదాకా అంచుకు టేపు చుట్టి సాధన చేయండి.

ఇంత చెప్పినా, పండ్లకూ దారాలకూ మాత్రమే చాకు కావలసినవారికి నా నిర్ణయం స్లిప్ జాయింటే. లాక్ లేదన్న ఎరుక చేతిని అదుపులో ఉంచుతుంది. మొనతో పొడవకూడదు, వెన్ను మీద బరువు వేయకూడదు, అంచును నొక్కి కోయడమే చేయాలి. విక్టోరినాక్స్ వారి క్యాడెట్ అనే స్లిప్ జాయింట్ చాకు ఈ పనికి చాలు.

5. పిడి

నాలుగు వేళ్ళూ పట్టాలి, తడి చేతిలో జారకూడదు. ఓపినెల్ కొయ్యపిడి అందమైనదే కాని వానాకాలంలో తేమకు ఉబ్బి అలుగును బిగదీస్తుంది. మొత్తం బరువు 100 గ్రాముల లోపు ఉండాలి.

6. కొన్నాక

పేరున్న చాకులకు నకిలీలు విస్తారంగా ఉన్నాయి. అలుగు మొదట్లో ముద్ర స్పష్టంగా ఉందో లేదో, అక్షరాల అంచులు చెదిరాయో చూసి, అధీకృత దుకాణం బిల్లు తీసుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే పైన చెప్పిన పరీక్షలన్నీ వచ్చిన రోజునే, ఏదీ కోయకముందే చేయాలి. వాడిన చాకును చాలామంది అమ్మకందారులు వెనక్కి తీసుకోరు. ఇరుసులో ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేయండి. పండ్లు కోసే చాకైతే దాని బదులు ఆహారానికి పనికివచ్చే మినరల్ ఆయిల్ వాడండి. వంటనూనె వేయవద్దు, అది జిగురుగా మారి గుండు కూర్చునే గుంటలో దుమ్ము పట్టిస్తుంది. మొదటి వారం గడిచాక ఇరుసు మర బిగువునూ, మూసిన స్థితినీ మరొకసారి పరీక్షించండి.