లిండిస్ఫార్న్, హాడ్రియన్ గోడ చూడబోయే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇంగ్లండ్ ఉత్తరపు కొసన ఉన్న నార్తంబర్లండ్‌కు వెళ్లేవారు అన్నిటికన్నా ముందు చూసుకోవలసినవి సముద్రపు పోటువేళలు. లిండిస్ఫార్న్ దీవికి వెళ్లే రోడ్డు రోజుకు రెండుసార్లు నీట మునుగుతుంది కాబట్టి, కౌంటీ కౌన్సిల్ ప్రకటించే సురక్షిత సమయాలను వెళ్లడానికే కాక తిరిగి రావడానికి కూడా రాసిపెట్టుకోవాలి. నీరు పల్చగానే కనిపించినా కారు దింపరాదు; దారిలో ఎత్తైన స్తంభాల మీద కనిపించే తెల్లటి గది, అలా తొందరపడి చిక్కుకున్నవారు ఎక్కి ప్రాణాలు దక్కించుకోవడానికి కట్టినదే. దీవిలోని కోట, మఠం తెరిచే వేళలను కూడా ఈ సమయాలతో సరిచూసుకోవాలి.

రోమన్లు క్రీ.శ. 122లో కట్టడం మొదలుపెట్టిన హాడ్రియన్ గోడ మీదికి ఎక్కకూడదు. హౌస్‌స్టెడ్స్ అనే రోమన్ కోటకు కారు నిలిపిన చోటు నుంచి ఎత్తెక్కుతూ నడవాలి గనుక, తల్లిదండ్రులను వెంట తీసుకువెళ్లేవారు వారి మోకాళ్ల సంగతి ముందే ఆలోచించాలి. వేసవిలోనైనా పట్టున్న బూట్లు, వాన కోటు తప్పనిసరి; అక్కడి గాలికి గొడుగు నిలవదు. గొర్రెల పొలాల గేట్లను దాటిన వెంటనే మూసివేయాలి.

గోడకు దగ్గర్లోని విండొలాండా అనే రోమన్ కోట శిథిలాలను వేరే ట్రస్టు నడుపుతుంది కాబట్టి పురాతన కట్టడాలను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ సభ్యత్వ కార్డు ఉంది కదా అని టికెట్ సంగతి వదిలేయరాదు. అక్కడ దొరికిన రోమన్ల చెక్క ఉత్తరాలలో, పుట్టినరోజుకు రమ్మని పిలిచే ప్రఖ్యాతమైనది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం సొత్తు. దానికోసమే వెళ్లేవారు ముందుగా విచారించుకోవాలి. బస్సు మీద ఆధారపడేవారు చివరి బస్సు వేళను కాగితం మీద రాసుకోవాలి, ఎందుకంటే అక్కడ చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు.